గెట్ సమ్ ఇన్ చూసినవాళ్లు ఇక్కడ ఎవరైనా మిగిలారా?

పాతడాక్టరు

నిన్న రాత్రి నిద్ర పట్టక అటక మీది డీవీడీల అట్టపెట్టె దించాను. అడుగున 'గెట్ సమ్ ఇన్!' అనే పాత బ్రిటిష్ కామెడీ సీరియల్ దొరికింది. మూడు ఎపిసోడ్లు వరసబెట్టి చూసి ఒక్కణ్ణే నవ్వుకుంటుంటే మా ఆవిడ వచ్చి, "ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగి వెళ్లి పడుకుంది.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. ఇది 1975 నుంచి 1978 దాకా బ్రిటన్‌లో ఐటీవీ అనే టీవీ ఛానెల్లో వచ్చింది. కథ జరిగేది 1955లో. ఆ రోజుల్లో బ్రిటన్‌లో పద్ధెనిమిదేళ్లు నిండి, ఒంట్లో ఏ రోగమూ లేని కుర్రాడు రెండేళ్లు సైన్యంలో పనిచేసి తీరాలి. దాన్నే నేషనల్ సర్వీస్ అనేవాళ్లు. అలా వైమానిక దళంలో వచ్చిపడ్డ నలుగురు కుర్రాళ్లు, వాళ్ల ప్రాణం తోడేసే కార్పొరల్ మార్ష్. అంతే కథ. ఎవరైనా పేరు స్పెల్లింగ్ అడిగితే ఒక బూతుమాట అక్షరం అక్షరం చెప్పి చివర్న "మార్ష్" అనే రకం వాడు. టోనీ సెల్బీ వేశాడు ఆ వేషం. దేశాన్ని కాపాడలేకపోయినా మంచం మీద దుప్పటి మడత మాత్రం చెదరనివ్వడు.

నేను 1976లో ఎస్‌హెచ్‌ఓగా, అంటే ఆస్పత్రిలో జూనియర్ డాక్టరుగా, ఇంగ్లండ్‌లో దిగాను. ఆస్పత్రి మెస్‌లో అందరికీ కలిపి ఒక్కటే టీవీ. నాకు ఆ యాస సగం అర్థమయ్యేది కాదు. అయినా మార్ష్ మొహం చూస్తే చాలు, నవ్వొచ్చేది. మా వార్డు పోర్టరు ఒకాయన, నలభై ఏళ్లుంటాయి, ఏదో పని కల్పించుకుని సరిగ్గా ఆ టైముకే మెస్‌లోకి వచ్చి తలుపు దగ్గర నిలబడి చూసేవాడు. రమ్మన్నా కూర్చునేవాడు కాదు.

నా బాధ ఏంటంటే, బ్రిటిష్ మిలిటరీ కామెడీ అనగానే అందరూ డాడ్స్ ఆర్మీ పేరే చెబుతారు. దీన్ని తలుచుకునే దిక్కు లేదు. మొన్న మా అబ్బాయికి చూపిస్తే పది నిమిషాలకు ఫోన్ తీశాడు. "ఒకడు అరుస్తున్నాడు, నలుగురు తిట్లు తింటున్నారు. ఇందులో జోకేది నాన్నా?" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. మీకేమైనా తోస్తే చెప్పండి.

చిన్నోడు99

అంకుల్, నేను మీ అబ్బాయి పార్టీ. ఇప్పుడే యూట్యూబ్‌లో ఓ ముక్క చూశా. వెనక జనం పడీపడీ నవ్వుతున్నారు, నాకు రాలేదు. ఇంతకీ ఆ టైటిల్‌కి అర్థమేంటి?

పాతడాక్టరు

బ్యారక్‌లలో వాడుకమాట అది. కొత్తగా చేరినవాడు నోరెత్తితే పాతవాళ్లు అరుస్తారు: ముందు నాలుగు రోజులు సర్వీసు వెలగబెట్టు, తర్వాత మాట్లాడుదువుగాని, అని.

మౌనముని

మా ఆఫీసులో దాని తెలుగు అనువాదం రోజూ వింటాను. "నువ్వు నిక్కర్లేసుకునే రోజుల్నించీ ఈ సీట్లో ఉన్నానోయ్."

బ్లాక్‌అండ్‌వైట్

డాక్టరుగారూ, మీరు కథ మధ్యలోంచి ఎత్తుకున్నారు. ఈ వంశానికి మూలపురుషుడు 'ది ఆర్మీ గేమ్'. గ్రెనడా టీవీ వాళ్లు 1957 జూన్‌లో మొదలుపెట్టి 1961 దాకా నడిపారు. నూటయాభైకి పైగా ఎపిసోడ్లు, మొదట్లో అయితే లైవ్‌లోనే ఆడేసేవాళ్లు. నెదర్ హాపింగ్ అనే లేని ఊళ్లో ఎవరికీ అక్కర్లేని సామాను దాచే డిపో ఒకటి. అందులో హట్ నంబర్ 29. అందులో ఉన్నవాళ్లంతా పని ఎగ్గొట్టడంలో పీహెచ్‌డీలు. ఆల్ఫీ బాస్ వేసిన బిస్లీ అనేవాడికి కాళ్లు బాగోలేవని బూట్ల నుంచి మినహాయింపు చీటీ ఉంటుంది. మిలిటరీలో ఉండి బూట్లు తొడగడు! అందుకే వాడి పేరు బూట్సీ. బూట్లు లేనివాడికి ఆ పేరు పెట్టడమే నాకు ఆ షో మొత్తంలో పెద్ద జోకు.

అసలు తమాషా తేదీల్లో ఉంది. 1957 ఏప్రిల్‌లో రక్షణమంత్రి డంకన్ శాండ్స్ శ్వేతపత్రం పెట్టి, 1960 దాటాక ఇక ఎవర్నీ పిలవం అని చెప్పేశాడు. రెండు నెలలు తిరగ్గానే ఈ షో మొదలైంది. హెడ్మాస్టరుకి బదిలీ ఆర్డరు వచ్చాక వెనక బెంచీలో మిమిక్రీ మొదలైనట్టు. షో 1961లో ఆగింది. ఆఖరి బ్యాచ్ కుర్రాళ్లు 1963లో ఇళ్లకి వెళ్లారు.

అంటే ఆర్మీ గేమ్ చూసి నవ్వినవాళ్లలో కొందరి కొడుకులు ఆ నిమిషానికి నిజంగానే ఏదో క్యాంపులో బూట్లు తోముతున్నారు. గెట్ సమ్ ఇన్ చూసి నవ్వినవాళ్లు, ఆ బూట్లు తోమి ఇంటికొచ్చి, పెళ్లిళ్లయి, పొట్టలొచ్చిన నలభై ఏళ్లవాళ్లు. మీ పోర్టరు లాంటివాళ్లు. ఆయన నవ్వేది జోకుకి కాదండీ, తన పాత ఫోటోకి.

చిన్నోడు99

అంటే మేం వేరేవాళ్ల ఫ్యామిలీ ఆల్బమ్ చూస్తున్నామన్నమాట. అందుకే బోర్.

పాతడాక్టరు

బ్లాక్‌అండ్‌వైట్ గారూ, ఆయన నవ్వేవాడు కాదండీ. రాయడం మర్చిపోయిన సంగతి అదే. అందరం నవ్వుతుంటే ఆయన సీరియస్‌గా చూసేవాడు. మార్ష్ మంచాల తనిఖీకి వచ్చే సీన్ నడుస్తుంటే, పక్కనున్న కుర్చీ మీది కవరు ముడతలు బొటనవేలితో సాపు చేసేవాడు. తనకు తెలియకుండానే. ఒకసారి అడిగాను, మీరూ చేశారా అని. "రెండేళ్లు, డాక్టర్" అని వెళ్లిపోయాడు.

రావిచెట్టు

ఆ వేలి సంగతి చదివాక నవ్వు పోయింది. నా అభిప్రాయం చెప్తా, ఎవరూ ఏమీ అనుకోవద్దు. నేను 80ల్లో హాస్టల్లో ర్యాగింగ్ పడ్డవాణ్ణి. అర్ధరాత్రి లేపి వరండాలో నిలబెట్టి సెల్యూట్లు కొట్టించేవాళ్లు. పొద్దున్నే అదే సీనియర్లు కాంటీన్లో భుజం మీద చెయ్యేసి "జోక్‌రా" అనేవాళ్లు. ఈ సీరియళ్లు చూసినా నాకు వాళ్లే కనబడతారు. గడ్డి కత్తెరతో కోయించడం, బొగ్గుకు సున్నం కొట్టించడం, ఇవి కామెడీ కోసం కల్పించినవి కావట, నిజంగా క్యాంపుల్లో చేయించేవాళ్లని అప్పటి మనుషులే చెప్పుకుంటారు. దీనికి నవ్వు ట్రాక్ వేస్తే చల్లారిపోతుందా?

మౌనముని

నవ్వు ట్రాక్ కాదు సార్, ఆ రోజుల్లో స్టూడియోలో నిజం జనాన్నే కూర్చోబెట్టేవాళ్లు. కాబట్టి ఆ నవ్వు నిజమైనదే. అది ఇంకా ఘోరమంటే మీ ఇష్టం.

బ్లాక్‌అండ్‌వైట్

రావిచెట్టు గారూ, ఒక్క తేడా చూడండి. ర్యాగింగ్‌లో సీనియర్ గెలుస్తాడు. ఈ షోల్లో చాలాసార్లు చివరికి బొక్కబోర్లా పడేది మార్ష్ లాంటివాడే. పైగా వాడి భుజం మీద ఉన్నది రెండంటే రెండు పట్టీలు. పైన సార్జెంటుకీ లోకువే, ఆఫీసర్లకీ లోకువే. కింద ఈ నలుగురు తప్ప వాడికి ప్రపంచంలో దొరికినవాళ్లెవరూ లేరు. రచయితలు ఎస్మండ్, లార్బీ ఆ లోకువతనం పట్టుకున్నారు. వీళ్లే 'ది గుడ్ లైఫ్' కూడా రాశారు, ఊళ్లో పెరట్లో మేకలూ పందులూ పెంచుకునే దంపతుల కథ.

ఆ నలుగురినీ కూడా ఊరికే ఏరలేదు. జేకీ స్మిత్ టెడ్డీ బాయ్, అంటే ఆ రోజుల ఫ్యాషన్ కుర్రాడు, జుట్టుకు నూనె రాసి దువ్వే రకం. కెన్ రిచర్డ్‌సన్ పరీక్ష పాసైతేనే చేర్చుకునే గ్రామర్ స్కూల్లో చదివినవాడు. మాథ్యూ లిలీ పాస్టరుగారబ్బాయి. బ్రూస్ లెకీ స్కాట్లండ్ వాడు. బయట అయితే ఈ నలుగురూ ఒక టేబుల్ దగ్గర టీ కూడా తాగరు. నేషనల్ సర్వీస్ వాళ్లకి ఒకే రకం బట్టలు తొడిగి ఒకే గదిలో పడేసింది. ఇంగ్లీషువాళ్లకి క్లాసు గొడవ ఎంత ఉంటుందో మీకు తెలియనిది కాదు.

గోదారిగట్టు

డాక్టరుగారి అబ్బాయి ప్రశ్నకి నా జవాబు వేరే ఉంది. మాది తాడేపల్లిగూడెం పక్క. మా దగ్గర్లోనే మాధవరం. మిలిటరీ మాధవరం అంటే తెలియనివాళ్లుండరు, మొదటి ప్రపంచయుద్ధం నాటి నుంచీ ఇంటికొకడు మిలిటరీకి పోయే ఊరు. మా వైపు రిక్రూట్‌మెంట్ ర్యాలీ అంటే తెల్లారుజామున నాలుగింటికే గ్రౌండు నిండిపోతుంది. వేలమంది పరుగెత్తుతారు. ఛాతీ ఒక సెంటీమీటరు తక్కువైందని వెనక్కి పంపితే గోడ పట్టుకుని ఏడ్చిన వాణ్ణి చూశాను. మా చిన్నాన్న కొడుకు ఎత్తు చాలక, కొలిచేటప్పుడు సాగుతానని ముందురోజు రాత్రి దూలానికి వేలాడాడు.

అలాంటి ఊరివాడికి, మిలిటరీ నుంచి ఎలా తప్పించుకోవాలా అని దొంగ కాలునొప్పి తెచ్చుకునే బూట్సీని చూపిస్తే ఏం నవ్వుతాడు? "ఆ ఉద్యోగం నాకిప్పించండి" అంటాడు. వాళ్లకది వెట్టి, మాకు 2022లో అగ్నిపథ్ వచ్చేదాకా ప్రమోషన్లూ పింఛనూ ఉన్న నౌకరీ. జోకు అక్కడే తెగిపోతోంది.

హవల్దార్‌గారిఅబ్బాయి

గోదారిగట్టు, దూలానికి వేలాడితే సాగాడా లేదా?

గోదారిగట్టు

దూలం సాగింది.

లక్ష్మి_బర్మింగ్‌హామ్

నేను ముసలివాళ్ల వార్డులో పదిహేనేళ్లుగా నర్సుని. పాతడాక్టరుగారి పోర్టరు గురించి చదువుతుంటే ఒకాయన గుర్తొచ్చాడు. మతిమరుపు బాగా ముదిరిన మనిషి. భార్య రోజూ వచ్చేది, ఆమెను అక్క అనుకునేవాడు. ఒకరోజు మందులిస్తూ మామూలుగా పేరు, పుట్టినతేదీ అడిగాను. పేరు తడబడ్డాడు. పుట్టినతేదీ రాలేదు. ఉన్నట్టుండి నడుం నిటారుగా పెట్టి, 22తో మొదలయ్యే ఎనిమిదంకెల నంబరు గడగడా చెప్పేశాడు. నాకర్థం కాలేదు. ఆవిడే చెప్పింది, అది ఆయన ఆర్మీ నంబరని. 1952లో ఇచ్చారట. ఇంటి ఫోన్ నంబరు మర్చిపోయాడు గానీ అది పోలేదు.

ఆ తర్వాత నేనే అలాంటి వయసు వాళ్లని నంబరు అడగడం మొదలుపెట్టాను, మాట కలపడానికి. టక్కున చెబుతారు. వెంటనే ఒక సార్జెంటు కథ వస్తుంది. తిట్టుకుంటూ మొదలుపెడతారు, చెబుతూ చెబుతూ మొహం వెలిగిపోతుంది. "వారానికి ఇరవై ఎనిమిది షిల్లింగులు, అందులో బూట్ పాలిష్ కూడా మేమే కొనుక్కోవాలి" అని ఒకాయన అయిదు నిమిషాలు అలిగాడు, నేనే ఎగ్గొట్టినట్టు.

చిన్నోడు99

అక్కా, ఇది సిట్‌కామ్ కంటే బాగుంది.

హవల్దార్‌గారిఅబ్బాయి

మా నాన్నగారు ఆర్టిలరీ. గోల్కొండ దగ్గర ఆర్టిలరీ సెంటర్లో ట్రైనింగు, తర్వాత ఎక్కడెక్కడో, మధ్యలో దేవలాలి. ఆయన నంబరు నాక్కూడా కంఠతా వచ్చు, ట్రంకు పెట్టె మీద తెల్ల పెయింటుతో రాసి ఉండేది. ఇప్పుడు ఆ పెట్టెలో మా ఆవిడ చింతపండు దాస్తుంది.

దేవలాలి అనగానే 'ఇట్ ఎయింట్ హాఫ్ హాట్ మమ్' సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? అది మన దేశం కథ కదా. 1945లో నాసిక్ పక్కన దేవలాలి క్యాంపులో సిపాయిలకు నాటకాలాడే ఫిరంగిదళం కుర్రాళ్లు. విండ్సర్ డేవిస్ వేసిన సార్జెంట్ మేజర్‌కి ఒళ్లు మండిపోతుంటుంది, వీళ్లు ఆడవేషాలేసి డాన్సులు చేస్తారని. బీబీసీలో 1974 నుంచి 1981 దాకా వచ్చింది. రాసిన జిమ్మీ పెర్రీ నిజంగానే దేవలాలిలో ఆ నాటక బృందంలో పనిచేశాడు.

బ్లాక్‌అండ్‌వైట్

అది యుద్ధకాలపు నిర్బంధ భర్తీ అన్నా, 1949 నుంచి అమలైన నేషనల్ సర్వీస్ కాదు. మీరు లెక్క తప్పారు.

హవల్దార్‌గారిఅబ్బాయి

బలవంతంగా పట్టుకుపోయారా లేదా? పట్టుకుపోయారు. ఆ పట్టుకుపోయిన ఏడాది 1945 అయితేనేం, 1955 అయితేనేం, పోయినవాడికి?

బ్లాక్‌అండ్‌వైట్

సరే, ఒప్పుకున్నాను. పోనీ ఆ షోలో ఒక చిక్కుంది, అదైనా మాట్లాడుకుందాం. రంగీరామ్ అనే బేరర్ వేషం మైకేల్ బేట్స్ అనే తెల్లాయన మొహానికి రంగు పూసుకుని వేశాడు. ఝాన్సీలో పుట్టినవాడు, హిందుస్తానీ బాగా వచ్చు, అది నిజమే. అయినా రంగు రంగే. బీబీసీ దాన్ని మళ్లీ వేయకపోవడానికి ఇదొక కారణం.

లక్ష్మి_బర్మింగ్‌హామ్

నాకు ఆ షో అంటే చిరాకు. మా వార్డులో ఒక పేషెంటు నన్ను చూసి ప్రేమగానే "చాయ్‌వాలా" అని పాట అందుకున్నాడు. తిట్టలేం, నవ్వలేం.

హవల్దార్‌గారిఅబ్బాయి

లక్ష్మిగారూ, మీ చిరాకు న్యాయమే. కానీ ఒక్కటి. ఆ షోలో చాయ్‌వాలాగా వేసిన డీనో షఫీక్ నిజంగా మనవైపు మనిషే, ఢాకాలో పుట్టాడు. 'మైండ్ యువర్ లాంగ్వేజ్'లో అలీ వేషం వేసిందీ ఆయనే. మన ఇళ్లల్లో ఆ అలీని చూసి నవ్వనివాళ్లు లేరు. మా నాన్నగారు అయితే ఈ షోలో ఆ సార్జెంట్ మేజర్‌ని చూసి, "మాకు డ్రిల్లు నేర్పిన ఉస్తాద్ అచ్చం వీడే, మీసంతో సహా" అనేవారు. ఎవరైనా కష్టం చెప్పుకోబోతే "అయ్యో పాపం, పోన్లే" అన్నట్టు ఒక మాట అంటాడు చూడండి, మా ఉస్తాద్ కూడా సరిగ్గా అలాగే అని చెప్పి ఇంకో రౌండు పరుగెత్తించేవాడట.

ఇంకో సంగతి. ఇంగ్లీషులో మతి చలించినవాణ్ణి 'డూలాలీ' అంటారు. అది దేవలాలే. ఇంటికి పోయే ఓడల కోసం ఆ క్యాంపులో నెలల తరబడి పడి ఉండి, పిచ్చెక్కిపోయేవాళ్లు సోల్జర్లు. మొదట్లో మొత్తం మాట 'డూలాలీ టాప్'. ఆ టాప్ ఏంటో తెలుసా? తాపం. మన తాపమే. దేవలాలి జ్వరం అన్నమాట.

పాతడాక్టరు

నలభై ఏళ్లపాటు పేషెంట్ల బంధువుల నోట డూలాలీ అని వింటూ వచ్చాను. అందులో తాపం ఉందని ఈరోజు తెలిసింది. ఈ దారం మొదలుపెట్టినందుకు నాకు గిట్టుబాటయింది.

రావిచెట్టు

మీ అందరికీ ఒక ప్రశ్న. నేషనల్ సర్వీస్ మీద వచ్చిన ఈ షోలు ఎందుకు ఎక్కువగా ఇంగ్లండ్ క్యాంపుల్లోనే జరుగుతాయి? మార్ష్ కుర్రాళ్లు ఆస్పత్రి పని నేర్చుకున్నారు, హట్ 29 వాళ్లు డిపోలో పేకాడారు. కానీ ఆ రోజుల్లో ఇదే వయసు పిల్లల్ని కొరియాకి పంపారు, మలయాకి, సైప్రస్‌కి, కెన్యాకి పంపారు. సర్వీసు మొదట ఏడాదిన్నరే, రెండేళ్లు చేసింది కొరియా యుద్ధం వచ్చాకనే. పోరాటాల్లో దాదాపు నాలుగు వందల మంది నేషనల్ సర్వీస్ కుర్రాళ్లు చచ్చిపోయారు. దాన్ని కామెడీలోంచి ఏరి పక్కన పెట్టేసి, మిగిలిన బూట్ పాలిష్‌తో నవ్వించారు.

బ్లాక్‌అండ్‌వైట్

ఇరవై లక్షలకు పైగా మంది చేశారన్నా ఆ సర్వీసు. అందులో ఎక్కువమంది చూసింది బూట్ పాలిషే. నాన్నలు ఇంట్లో చెప్పుకునేది కూడా అదే. కామెడీ దాన్ని తీసుకుంది. యుద్ధాన్ని వదిలేసింది నిజమే. కానీ అరగంట షోలో సైప్రస్ పెట్టి, మధ్యలో సబ్బు ప్రకటన వేసి, మళ్లీ నవ్వించమంటారా?

పెరాక్‌మనవరాలు

మలయా మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. మాది మలేషియా, మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి బాగన్ డాటో కొబ్బరి తోటలకి వచ్చినవాడు. మా తాత అక్కడే పుట్టాడు. నా తెలుగులో తప్పులుంటే సర్దుకోండి.

1948 నుంచి 1960 దాకా ఇక్కడ ఎమర్జెన్సీ. అడవిలో కమ్యూనిస్టు గెరిల్లాలు, బయట బ్రిటిష్ సైన్యం. తోటల్లో కూలీల ఇళ్ల లైన్ల చుట్టూ కంచె వేశారు. బియ్యం గెరిల్లాలకి పోకుండా కొలిచి ఇచ్చేవాళ్లు. తాత చెప్పేవాడు: లారీల్లో దిగే సోల్జర్లకి సరిగ్గా మీసాలు కూడా రాలేదని. ఎండకి మొహాలు రొయ్యల్లా ఎర్రబడేవట. గేటు దగ్గర మా అవ్వ క్యారేజీ మూత తీయించి అన్నంలో వేళ్లు పెట్టి వెతికిన కుర్రాడు, పచ్చడి ఘాటుకి కళ్లమ్మట నీళ్లు పెట్టుకున్నాడట. అవ్వ వాణ్ణి తిట్టిందట, నీళ్లు కూడా ఇచ్చిందట. అవ్వకి కోపం ఎప్పటికీ తగ్గలేదు. తాతకి మాత్రం జాలి. "వాడి అమ్మ వాణ్ణి ఇక్కడికి ఇష్టపడి పంపిందా?" అనేవాడు.

వాళ్లూ మీరు చెప్పే నేషనల్ సర్వీసే అని నాకు ఈ చర్చ చదివాకే తట్టింది.

రావిచెట్టు

పెరాక్ అమ్మాయీ, ఆ ఎపిసోడ్ ఎవరూ తీయలేదు.

మౌనముని

నేను జోకు వేద్దామని వచ్చాను. వేయను.

టెకాంగ్‌తల్లి

ఇక్కడ అందరూ పాత కథలు చెబుతున్నారు, నాది మొన్నటిది. మేం సింగపూర్‌లో పీఆర్, అంటే శాశ్వత నివాసులం. మా వాడికి పద్ధెనిమిది రాగానే నేషనల్ సర్వీస్ పిలుపొచ్చింది. ఇక్కడ 1967 నుంచి ఉంది, ఇప్పుడు రెండేళ్లు. ఇంట్లో గ్లాసు తీసి సింకులో పెట్టని వెధవ. పప్పులో టమాటా ముక్క కనబడితే పక్కకు తీసే వెధవ. వాణ్ణి చాంగీ దగ్గర ఫెర్రీ ఎక్కించి, ట్రైనింగు ఇచ్చే టెకాంగ్ దీవికి తీసుకెళ్లారు. మొదటిరోజు తల్లిదండ్రుల్నీ రానిస్తారు, మంచం చూపిస్తారు, భోజనం కూడా పెడతారు. మా ఆయన ఆ భోజనం తిని "బాగానే ఉంది" అన్నాడు, నేను ఏడుపు ఆపుకోలేక చచ్చాను. తిరుగు ఫెర్రీలో చూస్తే ఆయనే ఏడుస్తున్నాడు.

రెండు వారాలకి వచ్చాడు ఇంటికి. గుండు, నల్లగా మాడిన మొహం. తిన్న కంచం కడిగి పెట్టాడు! నేను దిష్టి తీశాను. ఆదివారం మధ్యాహ్నం నించి మొహం వేలాడేసుకున్నాడు, సాయంత్రం మళ్లీ వెళ్లాలని.

చిన్నోడు99

ఆంటీ, అక్కడ కూడా పని ఎగ్గొట్టే బూట్సీలు ఉంటారా?

టెకాంగ్‌తల్లి

ఉండకుండా ఎలా ఉంటారు నాయనా. 'చావ్ కెంగ్' అంటారు వాళ్లని. దొంగ జబ్బు తెచ్చుకుని మెడికల్ చీటీ పట్టేవాళ్లు. మా వాడి సెక్షన్లో ఒకడు ఉన్నాడట, పరుగు ఉన్న ప్రతిరోజూ కడుపునొప్పి. డాక్టరు ఒకసారి "నీ కడుపు క్యాలెండర్ చూస్తుందా?" అన్నాడట. అది చెప్పి చెప్పి నవ్వుతాడు. నాకు ఏమీ నవ్వు రాదు. వాడి ఫ్రెండ్సు నలుగురూ ఇంటికొస్తే, చైనీస్ వాడొకడు, మలయ్ వాడొకడు, పంజాబీ వాడొకడు, నలుగురూ ఒకళ్ల మాట ఒకళ్లు పూర్తి చేస్తూ పడీపడీ నవ్వుతారు. ఏ సార్జెంటో ఏదో అన్నాడని. నేను దోసెలు పోస్తూ మొహమొహాలు చూస్తుంటాను.

బ్లాక్‌అండ్‌వైట్

బయట ఒక టేబుల్ దగ్గర కూర్చోని నలుగురు అని నేను పైన రాసింది ఇదే అక్కా. అన్నట్టు బ్రిటిష్ వాళ్లు సింగపూర్‌లో 1954లోనే నేషనల్ సర్వీస్ పెట్టబోయారు. చైనీస్ స్కూళ్ల పిల్లలు రోడ్డెక్కి పోలీసులతో కొట్టుకున్నారు.

పాతడాక్టరు

టెకాంగ్‌తల్లిగారూ, మీ వాడికి మార్ష్‌ని చూపించండి. మా వాడిలా పది నిమిషాలకు ఫోన్ తీస్తాడో లేదో నాకు చెప్పాలి మీరు.

టెకాంగ్‌తల్లి

ఈ శనివారం వస్తున్నాడు. చూపిస్తా.

గోదారిగట్టు

ఈలోగా ఒక సందేహం. జేకీ స్మిత్ వేసినాయన చివరి సిరీస్‌లో మొహం మారిపోయాడు. నాకు నిద్రమత్తా?

బ్లాక్‌అండ్‌వైట్

నీ మత్తు కాదు. మొదట వేసింది రాబర్ట్ లిండ్సే. 1977లో బీబీసీ వాళ్ల 'సిటిజన్ స్మిత్'లో హీరో వేషం దొరికి వెళ్లిపోయాడు. స్మిత్ నుంచి స్మిత్‌కే. అయిదో సిరీస్‌లో కార్ల్ హౌమన్ వచ్చాడు.

ఇలాంటిదే ఇంకోటి. ఆర్మీ గేమ్‌లో సార్జెంట్ మేజర్ బుల్లిమోర్‌గా వేసిన విలియం హార్ట్‌నెల్‌ని 1958లో 'క్యారీ ఆన్' అనే కామెడీ సినిమాల వరసలో మొట్టమొదటి దాంట్లో కూడా సార్జెంటుగానే పెట్టారు. అదీ నేషనల్ సర్వీస్ కథే. రిటైరయ్యేలోపు తన ఆఖరి బ్యాచ్‌ని ఫస్టు తెప్పిస్తానని యాభై పౌండ్లు పందెం కాస్తాడు. వచ్చినవాళ్లేమో నడవడం కూడా రానివాళ్లు. జీవితాంతం సార్జెంటు వేషాలేనా అనుకుంటుండగా 1963లో ఆయన్ని 'డాక్టర్ హూ' సీరియల్లో టైమ్ మెషీన్‌లో తిరిగే డాక్టర్‌ని చేశారు. మొదటి డాక్టర్ ఆయనే.

మౌనముని

అందుకేనా పాతడాక్టరుగారు ఇంత ఫీలవుతున్నారు?

పాతడాక్టరు

నాకు టైమ్ మెషీన్ ఇస్తే 1976 మెస్‌లోకి వెళ్లి ఆ పోర్టరుకి బలవంతంగానైనా కుర్చీ వేస్తాను.

టెకాంగ్‌తల్లి

శనివారం రిపోర్టు. మా వాడు మూడు ఎపిసోడ్లు చూశాడు. ఇంగ్లీషు యాస సగం అర్థం కాలేదన్నాడు. మార్ష్ మంచాల దగ్గరికి రాగానే "అమ్మా, వీడు మా సార్జెంటే" అని సోఫాలోంచి లేచి కూర్చున్నాడు. ఫ్రెండ్సుకి వీడియో కాల్ చేసి టీవీ చూపించాడు. నలుగురూ ఒకటే అరుపులు. వాళ్ల నాన్న, నేను మాత్రం నవ్వలేదు. ఇంకో సంగతి, ఆ షోలో బూట్లు అద్దంలా ఎలా మెరిపిస్తారని మా వాడు అడుగుతున్నాడు. ఎవరికైనా తెలుసా?

లక్ష్మి_బర్మింగ్‌హామ్

మా వార్డులో తాతలు రోజూ చెప్పేది అదే. స్పూను వెనక భాగం కొవ్వొత్తి మీద కాల్చి, బూటు తోలు మీద బొడిపెలు అణిగేదాకా ఇస్త్రీ చేసినట్టు రాయాలి. తర్వాత గుడ్డకి పాలిష్, దాని మీద ఉమ్ము, చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు. గంటలు గంటలు.

హవల్దార్‌గారిఅబ్బాయి

ఉమ్ము కాదు, చల్లటి నీళ్లు, పత్తి. మా నాన్నగారి పద్ధతి. చెర్రీ బ్లాసమ్ డబ్బా మూతలో నాలుగు చుక్కల నీళ్లు పోసుకోవాలి.

లక్ష్మి_బర్మింగ్‌హామ్

ఆ మాట మా వార్డులో అని చూడండి, మంచం దిగి వచ్చి కొడతారు.

మౌనముని

టెకాంగ్‌తల్లిగారూ, ఇంట్లో స్పూన్లు లెక్కపెట్టి దాచుకోండి.